చూరు నీళ్ళు పడే మేర

మా ఇంటికీ పక్కింటి సాయిబన్న ఇంటికీ మధ్య ఒక సందు ఉండేది. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, అంటే యాభైలు ముగిసే రోజుల్లో, ఆ సందులో ఇద్దరు ఆడవాళ్ళు చంకన నీళ్ళబిందెలతో ఎదురుపడినా ఒకరికొకరు తగలకుండా దాటిపోయేవాళ్ళు. సాయిబన్న వాళ్ళ తాటాకు చూరు కింద పోయేవాళ్ళు కాస్త తల వంచాలి, అంతే.

మాది అల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి అందే ఊరు. మా అత్తయ్యకు ఉబ్బసం. నేను వచ్చేనాటికే ఆమె మంచం దిగిన రోజులు తక్కువ. ఆ మంచం సందువైపు కిటికీ కింద ఉండేది. మధ్యాహ్నం తిరిగాక గాలి సాయిబన్న పెరట్లోంచి మళ్ళి, సందులో పడి, ఆ కిటికీలోంచి లోపలికి వచ్చేది. అంతదాకా ఆమె మంచం పట్టెల మీద చేతులు ఆనించి, భుజాలు చెవుల దాకా ఎత్తి ఊపిరి లాగుతూ ఉండేది. గాలి తగలగానే భుజాలు దిగేవి. "వచ్చిందమ్మా" అనేది, చుట్టం ఎవరో గడప దాటి వచ్చినట్టు. నేను మనసులోనే స్తోత్రం చెప్పుకునేదాన్ని.

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద దిద్దించిన చదువే నాది. ఆ చదువుతోనే రోజూ ఆ వేళకు అత్తయ్యకు బైబిల్లోంచి వాక్యం చదివి వినిపించేదాన్ని.

సాయిబన్న జువ్వలదిన్నెలో ఎండుచేపలు కొని ఊరూరా తిరిగి అమ్మేవాడు. చాలా ఏళ్ళు కష్టపడి, తాటాకు ఇల్లు తీసేసి ఇటుకలతో మిద్దె వేసుకోవడానికి పూనుకున్నాడు. మాకూ సంతోషమే. పని మొదలుపెట్టిన రోజు ఫాతెహా చదివించి, వాళ్ళింటి నుంచి గిన్నె నిండా తీపి అన్నం పంపించారు. అత్తయ్య రెండు ముద్దలు తిని, "వాళ్ళమ్మ చేతి రుచే కోడలికి వచ్చింది" అంది. ఆ తల్లి పోయి అప్పటికే కొన్నేళ్ళయింది.

మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి చూరు నీళ్ళు ఎక్కడ పడితే అక్కడిదాకా వాళ్ళ స్థలం. మాది ఇసక నేల కాబట్టి, వానలకు చూరు కింద వరసగా చిన్న చిన్న గుంటలు పడి ఒక గాడి ఏర్పడుతుంది. ఆ గాడే హద్దు. సాయిబన్న పాత కప్పు దించకముందే ఆ గాడి వెంట మేకులు కొట్టించాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగానే కొట్టించాడు. అందులో దాపరికం ఏమీ లేదు. ఆ మేకుల వెంటే పునాది తవ్వించాడు.

చూరు కింద నడిచినన్నాళ్ళూ అది ఎంత ముందుకు వచ్చిందో మేము గమనించలేదు. అదే చోట ఇటుకలు లేస్తుంటే కళ్ళకు కట్టింది. సందులో ఒక మనిషి పోయేంత దారే మిగిలింది. గోడ మా కిటికీని మూసేసే ఎత్తుకు లేచిన రోజు మావారు బడి నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా సందులోకి వెళ్ళారు. ఆయన ఊళ్ళో చిన్నపిల్లల బడిలో అయ్యవారు.

"ఏందన్నా ఇది? గోడ మా కిటికీలోకి వస్తుండాదే!"

"మా చూరు గాడి మీదే పెట్టినా తమ్ముడూ. ఒక్క అంగుళం దాటలేదు. కొలుచుకో."

"చూరు ఏటేటా ముందుకొస్తే హద్దు కూడా దాని వెంట నడిచొస్తాదా? రేపు మా వంటింట్లో పొయ్యి కూడా నీదే అంటావు."

"మీ పొయ్యి నాకెందుకు? మీ బడిలో పిల్లోళ్ళకు చెప్పే లెక్కలు నాకు చెప్పబాక."

"చెప్పాల్సింది కోర్టులోనే చెప్తా."

"పో, పో! కోర్టు నెల్లూరులో ఉండాది. నా గోడ ఈడ్నే ఉంటాది."

మేస్త్రీ తాపీ చేత్తో పట్టుకుని ఇద్దరినీ చూస్తూ, "మీరు తేల్చుకునే లోపల నా సున్నం గట్టిపడిపోతాది అయ్యవారూ" అన్నాడు.

ఆ సాయంత్రం గాలి రాలేదు. సముద్రం మీద నుంచి ఎప్పటిలాగే వచ్చింది, పెరటి కొబ్బరి మట్టలు ఊగడం నాకు కనబడుతూనే ఉంది. కానీ సందులోకి మళ్ళలేదు. అత్తయ్య భుజాలు చీకటి పడ్డా దిగలేదు. నేను వీపు నిమురుతూ కూర్చున్నాను. మావారు పక్క గదిలో ప్లీడరు గారికి చెప్పాల్సిన మాటలు తనలో తనే చెప్పుకుంటున్నారు.

"వాణ్ణి కోర్టుకు పోనియ్యబాకమ్మా" అంది అత్తయ్య, మాటకు మాటకు మధ్య ఆగుతూ. "ఆ చూరు ముందుకు దించుకోమనింది నేనే."

అప్పుడు చెప్పింది. ఒకసారి పెద్ద గాలివాన వచ్చి సాయిబన్న వాళ్ళ మట్టిగోడ సందువైపు కరిగి జారిపోయిందట. అప్పటికి కొడుకులిద్దరూ ఊళ్ళో లేరు. మావారు నెల్లూరులో చదువుతున్నారు, సాయిబన్న మద్రాసులో మేనమామ కొట్లో ఉన్నాడు. వాళ్ళమ్మ ఒంటరి మనిషి, గోడ తిరిగి పెట్టించుకుంది కానీ వాన పడితే మళ్ళీ జారుతుందని ఏడ్చిందట. "మా సందులోకి వచ్చినా పరవాలేదు వదినా, వాసాలకు అతుకులేసి చూరు దించుకో" అని అత్తయ్య చెప్పింది. మూరన్నర ముందుకు దింపుకున్నారు. ఆ తర్వాత కప్పిన ప్రతిసారీ అదే కొలత. అసలు గాడి పూడిపోయింది, కొత్త గాడి పడింది. కొడుకు తిరిగి వచ్చేనాటికి అదే హద్దు.

"ఇది సాయిబన్నకు చెప్తే సరిపోతుంది కదా అత్తయ్యా?"

"చెప్పకూడదు. చెప్తే అది ఇచ్చినట్టా? తిరిగి అడిగినట్టు గదా. ఆ మనిషి కూడా లేదు, అవునని అనేదానికి. నువ్వు కూడా ఎవరితో అనబాక. మీ ఆయనతో కూడా."

నేను మాట ఇచ్చాను. ఇచ్చాక ఆ రాత్రి ప్రార్థనలో ఏం అడగాలో తెలియలేదు. చెప్తే ఆమె మాట పోతుంది, చెప్పకపోతే ఆమె ఊపిరి పోతుంది. "దారి నువ్వే చూపించు తండ్రీ" అని మాత్రం అనుకున్నాను.

తెల్లవారాక వంటింట్లో తీపి అన్నం వచ్చిన గిన్నె కనబడింది. ఇవాళ రేపు అనుకుంటుండగానే గొడవ వచ్చి, తిరిగి ఇవ్వడం కుదరలేదు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కనుక నాలుగు మునక్కాయలు కోసి అందులో అడ్డంగా పెట్టుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. ఇల్లు లేచేదాకా వాళ్ళు పెరట్లోనే పాక వేసుకుని ఉంటున్నారు. సాయిబన్న భార్య చాప మీద చేపలు తిరగేస్తోంది. నేను ఆమెను అక్కా అనేదాన్ని.

"మా వాకిలి తొక్కవేమో అనుకున్నా చెల్లీ" అంది, తల ఎత్తకుండా.

"గిన్నె మీది గదక్కా."

"పెద్దమ్మకి ఎట్టుండాది?"

"రాత్రంతా కూర్చునే ఉంది. పడుకుంటే ఊపిరాడటం లేదు."

ఆమె చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "పెద్దమ్మ నీకేమన్నా చెప్పిందా, చూరు సంగతి?" అని అడిగింది.

అబద్ధం చెప్పలేను. నిజం చెప్పనని మాట ఇచ్చాను. గిన్నెలో మునక్కాయల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆమె చాప మీదే కూలబడింది. "మా అత్త పోయే ముందు నాకూ చెప్పింది. ఆ మూరన్నరా ఆమె పెట్టిన భిక్ష, మరిచిపోబాక అనింది. మేకులు కొట్టే రోజే చెప్పాల నేను. ఇంత కాలానికి ఇల్లు కట్టుకుంటుండామని ఆయన మొహంలో ఆ సంతోషం చూసి నోరు రాలేదు. ఇప్పుడు చెప్తే, కట్టిన గోడ కూలగొట్టమంటావా అంటాడేమో."

గిన్నె ఆమె పక్కన పెట్టాను. ఆమె భుజం మీద చెయ్యి వేసి వచ్చేశాను.

ఆ పూట ప్లీడరు దగ్గరికి పోవాలని మావారు ఉతికిన పంచె కట్టుకున్నారు. ఇంకా గడప దిగలేదు, సందులో అడుగుల చప్పుడయింది. సాయిబన్న కిటికీకి అవతల, తను కట్టిన గోడకూ మా గోడకూ మధ్య ఒదిగి నిలబడ్డాడు. మెసలడానికి చోటు లేదు.

"పెద్దమ్మా" అన్నాడు.

అత్తయ్య తల తిప్పింది.

"ఒక్క మాట నోరు తెరిచి అనుంటే ఏమమ్మా? నేను పరాయోణ్ణా?"

"నువ్వు ఇల్లు కట్టుకుంటే మీ అమ్మ చూడాల్సింది నాయనా. ఆమె బదులు నేను చూస్తుండా గదా."

"ఊపిరాడకుండా చూస్తుండావా?" అన్నాడు. గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. మావారు నా వైపు చూశారు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. సాయిబన్నే అక్కడ నిలబడి, అప్పుడే అక్క నోట విన్నదంతా గాలివాన నుంచి మొదలుపెట్టి చెప్పాడు. విన్నాక ఆయన మెల్లగా కుర్చీలో కూర్చుని, పంచె మడత మీద చేత్తో రాస్తూ ఉండిపోయారు.

గోడంతా తీసి వెనక్కి కట్టాలంటే సాయిబన్నకు శక్తి లేదు. అది అందరికీ తెలుసు. మావారే లేచి సందులోకి వెళ్ళి, "అన్నా, మిగతాది ఉండనీ. కిటికీ ఎదురుగా ఎంత కావాలో అంతవరకే చూద్దాం" అన్నారు. మేస్త్రీ తల గోక్కున్నాడు. "గోడ మధ్యలో వంపు పెట్టమంటారు. రేపు చూసినోళ్ళు ఈ మేస్త్రీకి గోడ తిన్నగా లేపను నూలు పట్టడం కూడా రాదంటారు సాయిబూ."

"నా పేరు చెప్పు. సాయిబు కన్ను వంకర అని చెప్పు."

కిటికీ ఎదుట కట్టిన వరకు తీసేసి, పాత గాడి ఉండిన చోటుకు గోడను లోపలికి జరిపారు. ఆ చోటు అత్తయ్యే మంచం మీద నుంచి చెప్పింది. నూలు ఒక కొస మేస్త్రీ పట్టుకుంటే రెండో కొస మావారు పట్టుకున్నారు. గాలి మళ్ళడానికి తావుండాలని పెరటివైపు మూల కూడా కొంచెం కోసి కట్టమన్నాడు సాయిబన్న. దాంతో వాళ్ళ లోపలి గది కురచబడింది. మంచం అడ్డంగా పట్టక, నిలువుగా వేసుకోవాల్సి వచ్చిందని అక్క తర్వాత నవ్వుతూ చెప్పింది.

గోడ జరిపిన సాయంత్రం గాలి కొంచెం ఆలస్యంగా, మునుపటి కంటే పలచగా వచ్చింది. అత్తయ్య భుజాలు దిగడానికి చాలాసేపు పట్టింది. కానీ దిగాయి. "వచ్చిందమ్మా" అంది. ఆ రోజు నేను స్తోత్రం పైకే చెప్పాను. గోడ అవతల నుంచి ఇంకో గొంతు, అక్కది, వాళ్ళ భాషలో ఏదో అంది. అదీ కృతజ్ఞతే అయి ఉంటుంది.

అత్తయ్య మరికొన్నేళ్ళు బతికింది. అరవైల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం, గాలి లోపలికి వస్తుండగా, ఆ కిటికీ కిందే కన్ను మూసింది. శవపెట్టెను మోసినవాళ్ళలో సాయిబన్న ముందున్నాడు.

ఆ సందులో ఇద్దరం బిందెలతో ఎదురుపడితే దాటడానికి చోటు మళ్ళీ రాలేదు. ఒకరు ఆ వంపులో ఒదిగి నిలబడితే, రెండోవాళ్ళు దాటాలి. అక్కా నేనూ ఎన్నో ఏళ్ళు అలాగే నీళ్ళు మోసుకున్నాం. వంపులో నిలబడే వంతు వచ్చినప్పుడల్లా, బిందె చంకనే పెట్టుకుని, వెనక గోడకు ఒకసారి చెయ్యి తాకించేదాన్ని.