ఒకటో నంబరు లకుముకి పిట్ట

పాతికమంది జర్మన్లు, ఒక పత్రికా విలేఖరి, కట్టుకున్నవాడు, కన్నకూతురు. ఇంతమంది చూస్తుండగా పట్టపగలు నా పరువు మెయిన్ నదిలో కలిసిన వైనం చెబుతాను. నన్ను ముంచింది నది కాదు, పడవా కాదు. ఒక చెక్క పలక. అదీ నా చేతులతో నేనే నున్నగా రుద్ది, వార్నిష్ పూసి, చంటిపిల్లను చుట్టినట్టు దుప్పట్లో చుట్టి మోసుకెళ్లిన పలక.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం. పక్కవాళ్లు రాసినదాంట్లో తప్పులు పట్టుకున్నందుకు నాకు జీతమిస్తారు. "ఇయ్యకపోయినా ఆ పని చేస్తవు నువ్వు" అంటాడు మా ఆయన శ్రీకాంత్. ఇక పడవల సంగతంటారా, మాది కరీంనగర్. మానేరు డ్యాం మీద లైఫ్ జాకెట్ తొడుక్కుని ఫొటో దిగడం వరకే నా నౌకాయానం.

మేముండేది ఎస్-బాన్ లోకల్ రైల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌కి అరగంట దూరంలో, మెయిన్ ఒడ్డున ఒక చిన్న ఊరు. తొమ్మిదేళ్ల మా అక్షరకి తెడ్డు పడవ నేర్చుకోవాలని పుట్టింది. సరే అని ఊళ్లోని పడవల ఫెరైన్‌లో, అంటే సంఘంలో, కుటుంబమంతా చేరాం. జర్మనీలో ఫెరైన్‌లో చేరడం ఉమ్మడి కుటుంబంలోకి కోడలిగా వెళ్లడం లాంటిది. ఆదరిస్తారు, కేకు పెడతారు, ఆ వెంటనే చేతికి చీపురిస్తారు. నెలకో శనివారం అందరూ వచ్చి పనిచెయ్యాలి. నా వంతుకి షెడ్డు ఊడవడం వచ్చింది.

షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఏదో పొడుగ్గా ఉంది. ఎత్తి చూస్తే ఇంజిన్ ఉన్న చెక్క పడవ. మహాగని చెక్క, ముందు పొడవాటి ముక్కు, వెనక సన్నబడిన తోక. అంత దుమ్ములోనూ ఎక్కడికో బయల్దేరి ఒక్క క్షణం ఆగినట్టుంది.

"అది ఐస్‌ఫోగెల్" అన్నాడు హెల్ముట్. ఆయన సంఘం అధ్యక్షుడు, రైలు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. "ఈ మోడల్ పడవలన్నీ నదికి ఎగువన ఒక చిన్న కార్ఖానాలో చేసేవాళ్లు. తండ్రీ ఇద్దరు కొడుకులూ, మరో నలుగురు పనివాళ్లు."

ఐస్‌ఫోగెల్ అంటే మన లకుముకి పిట్ట. ఆ పిట్టలాగే ముక్కు ముందుకు పెట్టి నీళ్లమీద రివ్వున పోయేదట. యుద్ధం అయిపోయి, జనం చేతిలో నాలుగు మార్కుల డబ్బూ ఒక ఆదివారమూ మిగలడం మొదలయ్యాక పుట్టిన మోడల్ ఇది. ఆ రోజుల్లో ఆదివారం మధ్యాహ్నం ఐస్‌ఫోగెల్‌లో పెళ్లాంపిల్లల్ని ఎక్కించుకుని వెళ్తే ఒడ్డున వాళ్లు లేచి చూసేవాళ్లట. తర్వాత ఫైబర్ పడవలు వచ్చాయి. వాటికి ఏటేటా గీకుడూ లేదు, వార్నిషూ లేదు. జనం అటు మళ్లారు, కార్ఖానా మూతపడింది.

"దీన్నేం చేస్తారు?" అన్నాను.

"వదిలించుకుంటాం. దీని వెనకాల పడే తీరిక ఎవరికీ లేదు. వచ్చే వారం మీటింగులో తేలుస్తాం."

ఎందుకో మనసు చివుక్కుమంది. ఆ రోజు ఊడ్చింది తక్కువ, సంఘం అల్మరాలో పాత కాగితాలు తిరగేసింది ఎక్కువ. కార్ఖానా వాళ్ల కరపత్రం ఒకటి దొరికింది. ఫోన్‌లో అనువదించుకుంటూ చదివాను. "మేము తయారుచేసే ప్రతి పడవకూ దాని నంబరు కాల్చి ముద్ర వేస్తాం" అని ఉంది. పడవ దగ్గరికి పరిగెత్తాను. అడుగున పరిచిన పలకల్లో ముందుది ఒకటి ఊగుతోంది. పైకి లాగి తిప్పాను. వెనకవైపు, నల్లగా, స్పష్టంగా, వేడి ఇనుముతో కాల్చిన అంకె.

ఒకటి.

కోతికి కొబ్బరికాయ దొరికితే ఎంత గంతులేస్తుందో నాకు తెలీదుగానీ, టెస్టర్‌కి తనకు కావలసిన సమాధానం మొదటి చూపులోనే దొరికితే ఇక రెండో చూపు ఉండదని ఆ రోజు రుజువైంది. మీరడగచ్చు, పక్కనున్న పలక కూడా తిప్పి చూడొచ్చుగా అని. చూడొచ్చు. చూడలేదు. అందుకే ఈ కథ ఉంది.

మీటింగులో అందరూ కాఫీ తాగుతూ పడవకు వీడ్కోలు చెప్పే మూడ్‌లో ఉన్నారు. నేను లేచి, నా బీ-వన్ స్థాయి అరకొర జర్మన్‌తో, "ఇది మొట్టమొదటి ఐస్‌ఫోగెల్. నంబరు ఒకటి" అన్నాను.

కప్పులు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"నిజంగానా?" అన్నాడు హెల్ముట్.

"నూటికి నూరు శాతం. నేను వృత్తిరీత్యా టెస్టర్‌ని."

ఆ రెండో వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ దిండులో మొహం దాచుకుంటాను.

మర్నాటి నుంచి ఊరు ఊరంతా కదిలింది. పడవ వైపు కన్నెత్తి చూడని వాళ్లు గరుకు కాగితాలు పట్టుకుని వచ్చారు. మొదటిదంటే మాటలా. గీకడం, రుద్దడం, ఒక పూత వార్నిష్, మళ్లీ రుద్దడం, ఇంకో పూత. ఎనిమిది పూతలు. ఇంజిన్ పని తెలిసిన ఇద్దరు దాని సంగతి చూసుకున్నారు. అడుగు పలకలు ఏడు ఉన్నాయి. "తలా ఒకటి ఇంటికి తీసుకెళ్లి పూర్తిచెయ్యండి" అని పంచింది నేనే. తిలా పాపం తలా పలక. ఒకటో పలక మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. మా కెల్లర్‌లో, అంటే ఇంటి కింది నేలమాళిగలో, పెట్టుకుని వారాల తరబడి పూజించాను.

"పప్పుల గుడ వార్నిష్ వాసనొస్తంది" అన్నాడు శ్రీకాంత్ ఒకరోజు.

"చరిత్ర వాసన అది" అన్నాను.

చరిత్ర కూడా నేనే రాశాను. పెద్ద అట్టమీద, బొమ్మలతో. 'మొట్టమొదటి ఐస్‌ఫోగెల్ నీటిని తాకిన రోజున హంసలా తేలింది, ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు' అని ఒక వాక్యం. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అలా తేలకపోతే అన్ని పడవలు ఎలా చేసుంటారని నా తర్కం. అంతటితో ఆగానా? ఆ కార్ఖానాలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేసి, ఎనభై దాటిన ఫ్రావ్ క్లైన్ అనే ఆవిడను పట్టుకుని, ఉత్తరం రాసి మరీ పిలిచాను. గోతిని ఎవరో తవ్వితే అందులో పడేవాళ్లు ఉంటారు. నేను తవ్వి, మెట్లు కట్టి, దీపం పెట్టుకుని దిగాను.

ప్రారంభోత్సవం రోజు ఎండ బాగా కాసింది. పడవను రేవులోకి దించారు. పలకలు ఇంకా వెయ్యలేదు. చెక్క పడవ నీళ్లలో దిగాక లోపల ఊట వస్తుందేమో చూసుకుని అప్పుడే వేస్తారు. అందుకని ఎవరింటి నుంచి తెచ్చిన పలక వాళ్లు రేవు బల్లమీద పెట్టారు. ఎనిమిది పూతల నిగనిగ మీద దుమ్ము పడకూడదని అందరూ మెత్తటి గుడ్డ పరిచి బోర్లా పెట్టారు.

విలేఖరి అమ్మాయి ఫొటో తీస్తోంది. నేను దుప్పటి విప్పి నా పలక ముందు పెట్టి, ఒకటి మీద వేలుంచి నిలబడ్డాను. చేతికర్ర మీద వాలి వచ్చిన ఫ్రావ్ క్లైన్ కళ్లద్దాలు సర్దుకుని, బల్ల పొడవునా చూసుకుంటూ నడిచింది.

"ఇది ఒకటో నంబరు పడవ అని ఎవరు చెప్పారు?"

"నేనే" అన్నాను, ఛాతీ విరుచుకుని.

"దేన్ని బట్టి?"

పలక చూపించాను. ఆవిడ తలూపి, కర్రతో పక్క పలక చూపించింది. దానిమీద రెండు. ఆ పక్కన మూడు. తర్వాత నాలుగు. వరసగా ఏడు దాకా.

"ఈ అంకెలు కాల్చింది నేనే" అంది ఆవిడ మెల్లగా. "ముందు నుంచి వెనక్కి ఏ పలక ఎక్కడ వెయ్యాలో తెలియాలి కదమ్మా. మేం చేసిన ప్రతి పడవలోనూ ఒకటో పలక ఉంటుంది."

నేను హెల్ముట్ వైపు తిరిగాను. "నీ పలక మీద నాలుగు ఉంది. చూడలేదా?"

"చూశాను. ఎవరికి ఏది ఇచ్చావో గుర్తుకోసం నువ్వు వేసుకున్నావనుకున్నా."

"వేడి ఇనుముతోనా?"

"నువ్వు పద్ధతి గల మనిషివి కదా" అన్నాడు.

ఆరో పలక తెచ్చిన సబీన అనే ఆవిడ, "నాకు అనుమానం వచ్చింది. కానీ నువ్వు టెస్టర్‌వి కదా, అడిగితే బాగుండదని ఊరుకున్నా" అంది.

అక్షర నా కొంగు లాగలేదు, జీన్స్ వేసుకున్నాను కాబట్టి. మోచెయ్యి లాగి, "మామా, దస్ ఇస్ట్ పైన్లిష్" అంది. 'అమ్మా, తలవంపులే' అని. ఆ ముక్క మాత్రం నాకు అనువాదం అక్కర్లేకపోయింది.

"మరి అసలు నంబరు ఎక్కడుంటుంది?" అన్నాడు శ్రీకాంత్. ఫ్రావ్ క్లైన్ ఇంజిన్ మూత లోపలి అంచు తుడవమంది. ఆయన పడవలోకి దిగి టిష్యూలతో జిడ్డు తుడిచాడు. నలభై మూడు.

విలేఖరి అమ్మాయి ఇబ్బందిగా నా వైపు చూసింది. "మరి మొదటి ఐస్‌ఫోగెల్ ఏమైంది?"

నా మొహం చూసి జాలి పడిందో ఏమో, ఫ్రావ్ క్లైన్ అట్టమీది నా హంస వాక్యం చదివి, మొదటిసారి నవ్వింది.

"అది మునిగిపోయింది. దించిన మొదటి రోజే, రేవు దాటకముందే. మా ముసలి యజమాని టోపీతో సహా. మా కార్ఖానాలో ఆ మాట ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఇది ఒకటో నంబరై ఉంటే నేను ఇలా దగ్గరగా నిలబడేదాన్ని కాదు."

ముందు హెల్ముట్ నవ్వాడు, తర్వాత సబీన, తర్వాత రేవంతా. నేను ఆఖరున నవ్వాను. నవ్వక చేసేదేముంది.

అప్పుడు ఫ్రావ్ క్లైన్ వంగి, బోర్లా పెట్టిన నా పలకను తిప్పించి, అరచెయ్యి దానిమీద ఆ చివర నుంచి ఈ చివరకి నెమ్మదిగా రాసింది.

"ఇది ఎవరు చేశారు?"

"నేనే" అన్నాను. ఈసారి గొంతు చిన్నగా వచ్చింది.

"మా దగ్గర ఇంత నున్నగా చెయ్యడానికి కొత్తవాళ్లకి రెండేళ్లు పట్టేది" అంది. "నలభై మూడో పడవ వచ్చేసరికి మాకు పని బాగా వచ్చేసింది. ఇది మంచి పడవ. మీరు దీనికి తగ్గట్టు చేశారు."

నాకు ఆఫీసులో ఎన్నో మెచ్చుకోళ్ల ఈమెయిళ్లు వచ్చాయి. ఒక్కటీ గుర్తులేదు. ఆ అరచెయ్యి గుర్తుంది. పలకలు ఒకటి నుంచి ఏడు దాకా వరసగా వేశాం, ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టాం, పడవ బయల్దేరింది. ఒడ్డున వాళ్లు నిజంగానే లేచి చూశారు. శ్రీకాంత్ తన పక్కన నిలబడ్డ అపరిచితుడికి "ఆ వార్నిష్ మా ఆవిడదే" అని జర్మన్‌లో, ఇంగ్లిష్‌లో, సరిపోదన్నట్టు తెలుగులో కూడా చెప్పాడట. అక్షర చెప్పింది.

పేపరోళ్లు మంచివాళ్లు. వార్త కింద ఇలా వేశారు: "నలభై మూడో ఐస్‌ఫోగెల్ మళ్లీ నీళ్లలో. మొదటిది కానందుకు అందరూ సంతోషించారు."

కాబట్టి మెయిన్ నది సాక్షిగా, ఏడు పలకల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఇక ఈ జన్మలో ఎక్కడ ఒకటి కనబడినా, అది పలక కానీ, పడవ కానీ, లిఫ్టులో మీట కానీ, పక్కన రెండు ఉందో లేదో చూసుకున్నాకే నోరు తెరుస్తాను.