మేక ముట్టని తంగేడు

పాశమైలారం ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపించే ఆ రక్షిత అడవిలో ఏ మొక్క ఎక్కడుందో పటం గీసింది నేనొక్కడినే. ఒక్కడినే అంటే, మేకలు కాసే మల్లమ్మ కూడా ఉంది లెండి. ఎనభైల్లో గుంటూరు నుంచి ఆ పనిమీదే వెళ్లాను. గుట్టకు తంగేడున్న వైపు మేతకు వదలాలని, బలుసున్న వైపు మూసెయ్యాలని పటానికి రంగులేశాను.

మల్లమ్మ తొంగిచూసి, ఏ రంగు దేనికో అడిగి తెలుసుకుంది. "తంగేడుకు మా మేకలు మూతి గూడ పెట్టయి సారు. గిట్ల రంగేస్తే అవి ఆకలికి సస్తయి."

ఆమె లెక్కన మొక్కల్లో జాతులు రెండే: మేక తినేది, తిననిది. నేను బుద్ధిగా రంగులు చెరిపి, తారుమారు చేశాను.

సాయంత్రం వచ్చిన రేంజరుతో మాత్రం, "గుట్టంతా కాలినడకన తిరిగి తేల్చానండీ" అన్నాను.

"తిరిగింది నా మేకలు," అంది మల్లమ్మ. "నువ్వు బండ మీద కూసోని నా సద్ది తిన్నవు."