ట్యాంకు గోడ వైపు తిప్పిన కెమెరా

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే నా పని నడవదు. కువైట్‌లో మిర్కాబ్‌లోని ఒక షాపు తరఫున ఏళ్ల తరబడి సెక్యూరిటీ కెమెరాలు బిగించాను. తెల్లటి ఆకారం కనపడిందని ఫోన్ చేసిన ప్రతి ఇంటికీ వెళ్లి, లెన్స్ మీది సాలెగూడు తుడిచి వచ్చాను. అబ్బాసియాలో మా గదిలో రాజోలు కుర్రాళ్లు అలాంటి కథలు మొదలుపెడితే దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకునేవాణ్ణి. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను.

వఫ్రా వైపు ఒక కువైటీ పెద్దాయనకు తోట ఉండేది. ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు. గొర్రెలు మాయమవుతున్నాయని కెమెరాలు పెట్టమన్నాడు. అంత దూరం నేల తవ్వి కేబుల్ వేయడం అయ్యే పని కాదు, వైఫై ఇంటి గోడ దాటి రాదు. అందుకని సిమ్ కార్డుతో నడిచే వైర్‌లెస్ కెమెరాలు ఎంచుకున్నాను. పైన చిన్న సోలార్ పలక ఉంటుంది.

వాటితో ఒక చిక్కుంది, ఆయనకు ముందే చెప్పాను. బ్యాటరీ అయిపోకుండా ఆ కెమెరా ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. చుట్టూ ఉన్న వేడికీ ఎదుట కదిలేదాని వేడికీ తేడా తెలిస్తేనే లేచి, కాసేపు వీడియో తీసి ఫోన్‌కు పంపుతుంది. నడివేసవి మధ్యాహ్నం గాలే మనిషి ఒంటిలా కాగిపోతుంది కాబట్టి ఎదుట మనిషి నడిచినా దానికి తెలియకపోవచ్చు.

పెద్దాయన నవ్వాడు. ఆ ఎండలో దొంగ కూడా బయటికి రాడన్నాడు.

తోటలో కాపలా, గొర్రెల పని అంతా మల్లేశ్ ఒక్కడే చూసేవాడు. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. అంతకు ముందు వేసవి దాకా అతనికి తోడుగా లచ్చన్న అని వాళ్ల ఊరి పెద్దమనిషి ఉండేవాడు. మల్లేశ్‌కు వీసా తెప్పించిందీ, పని నేర్పిందీ ఆయనే. ఒక మధ్యాహ్నం నీళ్ల ట్యాంకు గోడ పక్కన వడదెబ్బకు పడిపోయాడు. మల్లేశ్ చూసేసరికి ప్రాణం లేదు. శవాన్ని ఊరికి పంపారు. అక్కడ కర్మ చేసి పిట్టకు అన్నం పెడితే ఏ పిట్టా ముట్టలేదట.

ఆ మాట ఫోన్‌లో విన్నప్పటి నుంచి మల్లేశ్ రోజూ మధ్యాహ్నం ఆ గోడ మీద పళ్లెంలో అన్నం పెట్టేవాడు. పిట్ట ముట్టేదాకా తను తినేవాడు కాదు. మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు. పొద్దు గూకాక ఆ అన్నం గొర్రెలకు వేసి, అప్పుడు తినేవాడు. మనిషి ఎండిపోయాడు. నాకు కోపం వచ్చింది.

"ఇలా అయితే నువ్వూ పోతావయ్యా మల్లేశూ" అన్నాను.

"ఆయన పానం పోయేటప్పుడు నేను నీడకు పండుకున్ననే అన్నా. ఇప్పుడు పిట్ట ముట్టకుంట నేనెట్ల తింట? గీ ఒక్క కెమెరా గా గోడ దిక్కు తిప్పరాదే. నేను నిలవడితే పిట్ట బెదురుతది."

నీళ్ల మోటారు గది కూడా ఆ గోడ పక్కనే కదా అని పెద్దాయనకు చెప్పి ఒకటి అటు తిప్పాను. కొన్నాళ్లు చూసుకోవడానికి అలర్టులు నా ఫోన్‌కూ వచ్చేలా పెట్టాను.

రోజూ మిట్టమధ్యాహ్నం ఆ కెమెరా లేచేది. వీడియోలో గోడ, పళ్లెం, ఎండ. అంతే. రోజూ ఆ వేళకే మల్లేశ్ ఫోన్ చేసేవాడు, పిట్ట వచ్చిందా అని. లేదు, ఏమీ రాలేదు అనేవాణ్ణి.

కెమెరా పాడైందనుకుని వెళ్లి గేటు కెమెరాను ఇక్కడ, దీన్ని గేటు దగ్గర పెట్టాను. గేటు దగ్గరికి పోయింది బుద్ధిగా ఉంది. ట్యాంకు దగ్గరికి వచ్చింది మధ్యాహ్నం కాగానే లేవడం మొదలుపెట్టింది. ఒక రోజు ఆ ఎండలోనే మల్లేశ్‌ను దాని ఎదుట అటూ ఇటూ నడిపించాను. ఫోన్ మోగలేదు. చేతులు ఊపమన్నాను. అయినా మోగలేదు.

"చూశావా, నువ్వు కూడా దానికి కనపడవు" అన్నాను. అన్నాక ఆ మాట నాకే నచ్చలేదు. అతను కనపడకపోతే రోజూ దానికి కనపడుతున్నదేమిటి?

ఆ తర్వాతి వారంలో షాపులో ఉండగా అలర్టు వచ్చింది. అలవాటుగా తెరిచాను. గోడ, పళ్లెం, గోడ కింద బోర్లా పడి ఉన్న మల్లేశ్. పెద్దాయనకు ఫోన్ చేసి అరిచాను. ఆయన పక్క తోటలోని పనివాళ్లను పరిగెత్తించాడు. మల్లేశ్ బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడట.

ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. మొదటి క్షణం నుంచీ అతను పడే ఉన్నాడు, కదలడు. పిట్ట లేదు, గాలికి ఊగే ఆకు కూడా లేదు. కెమెరాను లేపింది అతను కాదు.

హాస్పిటల్‌లో అతను పిట్ట సంగతి అడుగుతాడని, ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించుకుంటూ వెళ్లాను. అతను అడగలేదు. ఎదుట పెట్టిన పప్పన్నం తింటున్నాడు. ఆ మధ్యాహ్నపు వేళ అతను తినడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇగ పిట్టకు పెట్టనన్నా" అన్నాడు. "పడ్డంక నాకు సోయి లేదు. గని ఒక్కటి యాదికున్నది. ఈపు మీద ఎవలో చెయ్యేసిండ్రు. మస్తు సల్లగున్నది. బాయిల నీళ్ల లెక్క. గా చెయ్యి నాకెర్కే."

వేడిలో తేడా ఉంటేనే కెమెరా లేస్తుందని నేను పెద్దాయనకు చెప్పానే తప్ప మల్లేశ్‌కు ఎప్పుడూ చెప్పలేదు. మనిషి ఒళ్లూ గాలీ ఒక్కలాగే కాగే ఆ వేళ అది లేవాలంటే ఎదుటికి వచ్చింది చల్లగా ఉండాలి.

ఆ రోజు తర్వాత ట్యాంకు దగ్గరి కెమెరా మధ్యాహ్నం మళ్లీ లేవలేదు. కువైట్ వదిలి వచ్చేశాను, ఇక్కడా కెమెరాలే బిగిస్తున్నాను. ఆ ఎండలో అంత చల్లగా ఏమి వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు.