డ్రైవరు వెనకాల తలుపు

నా తోడల్లుడంటే నాకు కుళ్ళని మా ఆవిడ అంటుంది. నిజమే. నలభై ఆరేళ్ళుగా కుళ్ళుకుంటూనే ఉన్నాను. ఇంత నమ్మకంగా నేను ఇంకే పనీ చేయలేదు.

ఆయన డాక్టరమ్మగారి కారు నడిపేవాడు. నేను కార్ల షెడ్డులో రంగులు కొట్టేవాణ్ణి. అక్కాచెల్లెళ్ళలో అక్కను ఆయన చేసుకున్నాడు, చెల్లెల్ని నేను చేసుకున్నాను. అత్తగారింటికి ఆయన కారులో వచ్చేవాడు, నేను సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. కారు మలుపు తిరగ్గానే అత్తగారు చేతులు తుడుచుకుంటూ వీధిలోకి పరిగెత్తేది. నేను వెళితే తలుపు సగం తెరిచి, "చేతులు కడుక్కున్నావా నాయనా?" అనేది. గోళ్ళల్లో ఇంకిన రంగు కడిగితే పోదని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

అబద్ధమాడితే కళ్ళు పోతాయి, అలాంటి బండిని నేను మళ్ళీ చూడలేదు. లేత నీలం రంగు. గుండ్రటి దీపాలు, ముక్కు మీద వెండి కడ్డీలు. ముందు సీటు బెంచీలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒక్కటే. తలుపు వేస్తే ధబ్బుమని నిండుగా మోగేది. ఇప్పటి కార్లున్నాయి చూశారూ, అన్నీ సబ్బుపెట్టెలే. ఏది ఎవరిదో నంబరు చూస్తే గాని తెలియదు. ఆ బండి ఒక్క హారన్ కొడితే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేది. నేను మాత్రం లోపలే కూర్చుని, చదివేసిన పేపరే మళ్ళీ చదివేవాణ్ణి.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం డాక్టరమ్మగారు కారు వాడుకోమన్నారట. ఆయన అందరినీ షికారు తీసుకెళ్ళాడు. మా ఆవిడ సరిగ్గా డ్రైవరు వెనకాల కూర్చుంది. అద్దం పూర్తిగా దించేసి, మొహం గాలికి పెట్టి, "బావా, ఇంకొంచెం జోరుగా!" అని పగలబడి నవ్వింది. నా సైకిల్ వెనక ఆవిడ ఏనాడూ అలా నవ్వలేదు. "గతుకు చూసుకోండి" అనేది, అంతే. ఆ నవ్వు నాలో ముల్లులా దిగబడిపోయింది.

రెండేళ్ళు తిరక్కుండా, పాల వ్యాను ఒకటి వెనక్కొస్తూ సరిగ్గా ఆ తలుపునే గుద్దింది. డ్రైవరు వెనకాల తలుపు, మా ఆవిడ కూర్చున్న తలుపు. ఆయన బండిని మా షెడ్డుకి తెచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తమ్ముడూ, డాక్టరమ్మగారు ఎల్లుండి ఊరి నుంచి వచ్చేస్తారు. ఆలోగా తలుపు తలుపులా ఉండాలి. నా ఉద్యోగం నీ చేతుల్లో ఉంది."

నా చేతుల్లో! కడుక్కున్నావా అని అడిగించుకునే ఈ చేతుల్లో! ఆ మాట వినడానికి నేను రెండేళ్ళు ఎదురుచూశాను.

సొట్ట తీయించి, లప్పం పెట్టి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. ఇక రంగు. డబ్బాలో ఉన్నది ఉన్నట్టు కొట్టేస్తే అతుకు అతుకులాగే కనబడుతుంది. బండి ఎన్నేళ్ళు ఎండలో తిరిగిందో అంత వయసూ కొత్త రంగుకి ఎక్కించాలి. రేకు ముక్క మీద పూత వేసి, ఆరనిచ్చి, బండికి ఆనించి చూడాలి. "నీడలో అన్ని రంగులూ చుట్టాలేరా. ఎండలోకి తెస్తేనే అసలు చుట్టరికం తెలుస్తుంది" అనేవాడు మా మేస్త్రి. పదకొండో రేకుకి నాకు రంగు కుదిరింది. బండికి ఆనిస్తే రేకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. నా జన్మలో అంత బాగా మరే రంగూ కుదరలేదు.

అప్పుడు ఆ డబ్బాలో మూడు చుక్కలు నలుపు వేశాను.

మేస్త్రి భోజనానికి వెళ్ళాడు. ఎవరూ చూడలేదు. కలియబెట్టి తలుపుకి కొట్టేశాను. బండిని సాయంత్రం, పొద్దు వాలాక, షెడ్డు లోపలే అప్పగించాను. ఆయన తలుపు మీద చెయ్యి వేసి నిమిరి, "బాగా కుదిరింది తమ్ముడూ" అన్నాడు.

ఇక ఎప్పుడు పిడుగు పడుతుందా అని చూశాను. ఆయనకి చీవాట్లు పడతాయి, అత్తగారింటికి నడిచి వస్తాడు, నేను సైకిల్ మీద ముందుగా వెళ్ళి కూర్చుంటాను, ఇదీ నా లెక్క. వారం పోయింది, నెల పోయింది, ఏమీ జరగలేదు. ఆయనకి రంగు తెలియదనుకున్నాను. కళ్ళుండీ గుడ్డివాడు! ఊరంతా మెచ్చుకునే ఆ మనిషి నా మూడు చుక్కలు మోసుకుంటూ తిరుగుతున్నాడు, ఆ సంగతి ఆయనకే తెలియదు. ఈ ఒక్క తృప్తితో నేను నలభై నాలుగేళ్ళు బతికాను.

ఒకటి మాత్రం చిరాకనిపించేది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా బండిని ఎదురు వరసలో తిప్పి, డ్రైవరు వైపు గోడకి ఆనించి ఆపేవాడు. అందరూ ఒక పక్క నుంచే దిగాలి. తనేమో ముందు సీటు మీద జరుక్కుంటూ జరుక్కుంటూ అవతలి తలుపులోంచి దిగేవాడు. అదొక పోజు అనుకున్నాను. "దిగడం కూడా దొరగారిలాగే" అని మా ఆవిడతో అంటే, "మీకెందుకండీ మంట?" అనేది.

డాక్టరమ్మగారు పోయారు. బండి వాళ్ళ షెడ్డులో పడి ఉందని విన్నాను. నాకు చూపు మసకేసి పని మానేసి తొమ్మిదేళ్ళయింది. నిన్న మా వదినగారు ఫోన్ చేసింది. పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారట. డాక్టరమ్మగారి మనవరాలు ఆ బండిని బాగుచేయించిందట. డెబ్భై ఆరేళ్ళ మా తోడల్లుణ్ణి స్టీరింగు ముందు కూర్చోబెట్టి ఫొటోలు తీస్తారట. మా ఆవిడ అప్పుడే చీర ఎంచుకోవడం మొదలుపెట్టింది. నేనూ బయల్దేరాను. నాకు ఆ తలుపు కావాలి. అందరూ ఆయన్ని పొగుడుతుంటే నేను దాని పక్కన నిలబడి చూసుకోవాలి.

మైదానంలో బండ్లన్నీ మధ్యలో ఉన్నాయి. మా బండి ఒక్కటే ఓ మూల, డ్రైవరు వైపు ప్రహరీకి ఆనించి ఉంది. నా ప్రాణం ఉసూరుమంది. మనవరాలి దగ్గరికెళ్ళాను. చేతులనిండా గ్రీజు, ప్యాంటుకి కూడా గ్రీజే.

"అమ్మా, అలా గోడకి పెట్టారేం? రెండో పక్క కనబడదు కదా."

"మా డ్రైవరు తాత ఊరుకోడండీ. ఎక్కడ ఆపినా ఆ పక్క గోడ ఉండాల్సిందే. మా నాయనమ్మ ఉన్నప్పటి నుంచీ అంతే. అటు వెనక తలుపు రంగు తేడా కదా! బండి మొత్తానికి మెరుగు పెట్టించి, అదొక్కటీ మళ్ళీ వేయిస్తానంటే ససేమిరా అన్నాడు. అది మా తమ్ముడు వేసింది, ముట్టుకోవద్దన్నాడు."

వెళ్ళి కిటికీ దగ్గర వంగాను. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

"అన్నయ్యా, మీకు ఎప్పుడు తెలిసింది?"

ఏమిటని ఆయన అడగలేదు. "మర్నాడు పొద్దున్న. కడుగుతుంటే, ఎండ పడగానే."

"మరి నన్ను అడగలేదేం?"

"తెలియక చేసుంటే అడిగేవాణ్ణి తమ్ముడూ. తెలిసి చేసినదాన్ని అడిగి ఏం చేస్తాను?"

"డాక్టరమ్మగారు?"

"ఏమిటిది అన్నారు. నేనే ఏదో మందు పెట్టి తుడిచి పాడుచేశానన్నాను. తిట్టారు. ఊరుకున్నారు."

నలభై నాలుగేళ్ళు. నేను ఆయన్ని గుడ్డివాడనుకుని నవ్వుకుంటుంటే, ఆయన నా పనితనాన్ని గోడ చాటున దాచి, సీటు మీద జరుక్కుంటూ దిగాడు. నాకు ఏడవాలనిపించలేదు. ఒళ్ళు మండిపోయింది. నాకున్న ఒక్క గెలుపూ ఈ మనిషే తీసేసుకున్నాడు. మంచివాడుగా ఉండటంలోనూ ఈయనే ముందా?

ఇంతలో మైదానం చుట్టూ ఒక చుట్టు తిప్పాలని మైకులో పిలిచారు. బండి కదిలి గోడ వదిలి ఎండలోకి వచ్చి ఆగింది. ఆ పక్క అందరికీ కనబడింది.

"ఈ తలుపొక్కటే తేడా కొడుతోందేంటి? ఎవడో చెడగొట్టినట్టున్నాడు" అన్నాడు ఫొటోలు తీసే అతను.

"వెలిసిందిలే బాబూ. వయసైంది కదా" అన్నాడు ఆయన లోపలి నుంచి.

"అబ్బ, అంత మురిగ్గా ఉందేమిటండీ!" అంది మా ఆవిడ.

నేను కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాను. దగ్గరికెళ్ళి చూశాను. ముందు తలుపు నీలం. వెనక తలుపు నీలం. రెండూ ఒకే నీలం. ఎంత చూసినా నా మూడు చుక్కలు నాకు కనబడలేదు.

"ఎలా ఉంది తమ్ముడూ?" అన్నాడు ఆయన.

"మీకు తేడా కనబడుతోందా?"

"ఎందుకు కనబడదు? ఈ ఎండలో స్పష్టంగా తెలుస్తోందిగా."

డెబ్భై ఆరేళ్ళు ఆయనకి. నాకన్నా అయిదేళ్ళు పెద్ద. ఆ కళ్ళు కూడా ఆయనకే ఇచ్చాడు దేవుడు.