పెన్నుల మీద ప్రార్థన

ఆ రోజుల్లో నా భక్తికి హద్దు ఉండేది కాదు, తెలివికి మాత్రం బాగానే ఉండేది. రామచంద్రపురం దగ్గర చిన్న ఊరు మాది, మూడు తరాల లూథరన్ కుటుంబం. పదో తరగతిలోకి వచ్చేసరికి ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పేంతదాన్ని అయిపోయానని నాకు నేనే తీర్మానించుకున్నాను. సాక్ష్యమంటే ఆ వారం దేవుడు మనకి చేసిన మేలు లేచి నిలబడి నలుగురికీ చెప్పడం. పెద్దవాళ్ళకి జ్వరాలు తగ్గేవి, బదిలీలు ఆగేవి, తప్పిపోయిన గేదెలు ఇంటికొచ్చేవి. నాకు మాత్రం ఏ వారమూ ఏమీ జరిగేది కాదు. "బడిలో మీరే వెలుగు కావాలమ్మా" అని పాస్టరుగారు అన్నప్పుడల్లా నావైపే చూస్తున్నట్టు ఉండేది (నా నెత్తి మీద తిరిగే ఫ్యాను ఎక్కడ ఊడిపడుతుందోనని చూసేవారట, తర్వాత తెలిసింది).

బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయిని అందరం రేడియో అనేవాళ్ళం. పొద్దున్న గంట కొట్టిన దగ్గర్నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా దాని నోటికి విరామం లేదు. పరీక్ష ఉన్న రోజు వినాయకుడి గుళ్ళో పెన్ను పెట్టించి బొట్టు పెట్టి తెచ్చుకునేది. ఒకరోజు లేటయి గుడికి వెళ్ళలేకపోయింది. సోషల్ టెస్టు మొదలయ్యే ముందు పెన్ను నా చేతిలో పెట్టి, "మీరూ ప్రార్థన చేస్తారు కదే, దీనికొకటి చేసి పెట్టవే" అంది. నేను కళ్ళు మూసుకుని, మా పాస్టరుగారి గొంతు తెచ్చిపెట్టుకుని, పెన్ను మీద చెయ్యి ఉంచి ప్రార్థించాను. దానికి ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. సోషల్ దానికి ఎప్పుడూ వచ్చేదే. ఆ సంగతి దానికీ గుర్తు రాలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

తర్వాతి టెస్టుకి నా బెంచీ ముందు వరస కట్టారు. ఒకమ్మాయి రెండు పెన్నులు తెచ్చింది, ఒకటి ఆగిపోతే ఇంకోటి ఉండాలని. ఇంకోమ్మాయి జామెట్రీ బాక్సు మొత్తం తెరిచి పెట్టింది. నేను కొన్ని నిబంధనలు కూడా పెట్టాను: కళ్ళు మూసుకోవాలి, నవ్వకూడదు, పెన్ను మూత తీసి ఉంచాలి (మూత ఎందుకు తీయాలో నన్నడగొద్దు). ఆ ఆదివారం లేచి నిలబడి, "నా ద్వారా నా క్లాసంతా ఆశీర్వదింపబడుతోంది" అని సాక్ష్యం చెప్పాను. చర్చి అంతా స్తోత్రం అంది. ఆ ఊపులో, రేడియోకి లెక్కలంటే భయమని, హాఫ్ ఇయర్లీలో అది తప్పకుండా పాసవుతుందని కూడా ప్రకటించేశాను. వెనక వరసలో మా మామ్మ కళ్ళజోడు సవరించుకుని నావైపు చూసింది.

రేడియో ఇక లెక్కల పుస్తకం ముట్టుకుంటే ఒట్టు. "చదవట్లేదేంటే?" అంటే, "నువ్వున్నావుగా" అనేది. నాకు అందులో పొగడ్త తప్ప ఇంకేమీ వినపడలేదు. పరీక్ష రోజు మామూలు కంటే రెండింతలు పొడుగు ప్రార్థన చేశాను.

దానికి నూటికి పదకొండు వచ్చాయి. నాకు నలభై రెండు. మెయిన్ రోడ్డులో బట్టల కొట్టున్న వాళ్ళ నాన్న, ఇలాగైతే చదువు మాన్పించి కొట్లో కూర్చోబెడతానన్నారట. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆ రోజంతా మాట్లాడనే లేదు. ఇంటికెళ్ళే ముందు మాత్రం మెల్లగా అడిగింది. "నేనేమైనా తప్పు చేశానేంటే? మీ దేవుడికి నా మీద కోపమొచ్చిందా?"

ఇంటికెళ్ళి మామ్మ దగ్గర ఏడ్చాను. మామ్మ ముప్పయ్యేళ్ళు మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అంతా విని, "ఆ పిల్ల చదివిందా?" అంది.

"లేదు మామ్మా."

"నువ్వు చదివించావా?"

"నాకే సరిగ్గా రావు కదా."

"మరి నీకు రాని లెక్కలు తీసుకెళ్ళి దేవుడి నెత్తిన పెట్టావేంటే? అయ్యిందేదో అయ్యింది. దేవుడికి కోపమొచ్చిందనుకుని ఆ పిల్ల ఎన్నాళ్ళు కుమిలిపోవాలి? పోయి చెప్పిరా."

వెళ్ళాను. వాళ్ళ గుమ్మంలో నిలబడి, "మా దేవుడికి నీ మీద కోపమేం లేదే. నేనే బడాయికి పోయి ఏదేదో చెప్పాను. తప్పు నాది" అన్నాను. అది చెప్పులేసుకుంటూ, "అయితే ఇప్పుడేం చేద్దామే?" అంది. ఇద్దరం కలిసి లెక్కల మాస్టారింటికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "రేపట్నుంచి ఆరింటికల్లా రండమ్మా. పెన్నులు ఉత్తవే తెచ్చుకోండి" అన్నారు. అప్పుడర్థమైంది, నా పెన్నుల పరిచర్య సంగతి స్టాఫ్ రూముదాకా పాకిందని.

ఆ ఆదివారం చర్చిలో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. ఓడిపోయిన సాక్ష్యానికి ఏమనాలో ఎవరికీ తెలిసినట్టు లేదు. పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట నంబరు వెతుకుతుంటే, వెనక వరసలోంచి మామ్మ ఒక్కతే గట్టిగా "స్తోత్రం" అంది.

నాలుగు నెలలు మంచులో కాలవ గట్టు మీద సైకిళ్ళు తొక్కాం. పబ్లిక్ పరీక్షల్లో ఇద్దరం పాసయ్యాం. లెక్కల్లో దానికి నాకంటే పన్నెండు మార్కులు ఎక్కువ (నేనేమీ పట్టించుకోలేదని అప్పట్లో అందరికీ చెప్పాను).

ఇప్పుడు రేడియో రాజమండ్రిలో ఒక స్కూల్లో లెక్కల టీచరు. మొన్న ఫోన్లో మాట్లాడుతూ, నా ప్రార్థనలు ఇప్పుడు చాలా జాగ్రత్తగా ఉంటున్నాయని, ప్రతి మాటకీ ముందు "నీ చిత్తమైతే" అని పెట్టుకుంటున్నానని, ఏ అనుమానమూ లేకుండా దేవుడి మీద అధికారం చెలాయించిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుందని, కొంచెం అసూయగా కూడా ఉంటుందని చెప్పాను. అది ఎన్నడూ లేనిది ఒక క్షణం ఆగింది.

"నీ ప్రార్థనలు నాకేం గుర్తు లేవే. మా గుమ్మంలో నిలబడి ఏడుపు ముఖంతో తప్పు నాదన్నావు చూడు, ఆ రోజు అనుకున్నాను, మీ దేవుడు మంచోడే అయ్యుంటాడని" అంది. ఇన్నేళ్ళూ నేను చర్చిలో చెప్పిన సాక్ష్యాలన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు. నేనింకా తేరుకోకముందే అది వాళ్ళ హెడ్మాస్టరు మీద మొదలుపెట్టి నలభై నిమిషాలు వదల్లేదు.