చిలుకూరులో మోగని ఫోను

2023 వానాకాలం. కోదాడ బస్టాండుకు దగ్గరలోనే నా సెల్‌ఫోన్ రిపేరు షాపు. నాట్ల రోజుల్లో మాకు వచ్చే కేసులన్నీ ఒకటే తీరు: బురదలో పడ్డ ఫోను, నీళ్లు పోయిన ఫోను, ట్రాక్టరు కింద నలిగిన ఫోను. అట్లాంటి రోజుల్లో ఒకనాడు చిలుకూరు నుంచి సైదమ్మ వచ్చింది. ఆమె ఫోను మీద చిన్న గీత కూడా లేదు. ఆమె మొహం మాత్రం మాడిపోయి ఉంది.

"తమ్ముడూ, ఈ ఫోను నా పరువు తీస్తాంది. జర సూడు," అంటూ టేబుల్ మీద పెట్టింది.

సైదమ్మ నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి. మా వైపు పద్ధతేమిటంటే, రైతు పొద్దుగూకాక మేస్త్రికి ఫోన్ చేసి రేపు తన పొలానికి రమ్మంటాడు. ఆమె సరేనంటే తెల్లారి ముఠా అంతా అక్కడ దిగుతుంది. ఫోన్ కలవకపోతే ఇంకో ముఠాను చూసుకుంటాడు. నారు ముదిరిపోతుంటే ఎవరి కోసం ఆగుతాడు?

"నాకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్ అంటదంట. నేనేమో ఎన్నడూ ఆపలే. పైగా వాట్సాప్‌ల ఆన్‌లైన్ ఉన్నట్టు కనపడతదంట! రైతులు 'మిర్యాలగూడ దిక్కు ఎక్కువిచ్చేటోడు దొరికిండని ఫోన్ బంద్ పెట్టినవా' అంటున్నరు. మా ఆడోళ్లేమో నేను పనులు వేరే ముఠాకు అమ్ముకుంటున్ననని అంటున్నరు. ఇన్నేళ్లసంది కలిసి నాటేసినోళ్లు, తమ్ముడూ! ఇద్దరు ముగ్గురైతే మాట్లాడుడే బంద్ చేసిన్రు."

వినే నాకే బాధేసింది.

నా ఫోన్ నుంచి ఆమె నంబరుకు చేశాను. నిక్షేపంగా మోగింది. మళ్లీ చేశాను, మళ్లీ మోగింది.

"గీడ మంచిగనే మోగుతది. ఇంటికి పోయినంకనే దీని కత," అంది.

"ఊర్ల సిగ్నల్ లేదేమో అక్కా?"

"ఫుల్లుగ ఉంటది. వీడియోలు గూడ ఆగకుంట వస్తయి."

నాకేం పాలుపోలేదు. సరే, ఒకసారి ఆపి చూద్దామని ఫోన్ ఆపి ఆన్ చేశాను. తెర మీద ఒక హెచ్చరిక వచ్చిపోయింది. లోపల ఉన్నది కంపెనీ సాఫ్ట్‌వేర్ కాదని దాని అర్థం. కంపెనీ ఇచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి, బయటివాళ్లు తయారుచేసింది ఎక్కిస్తే దాన్ని మేం కస్టమ్ రోమ్ అంటాం. పాత ఫోన్లు దాంతో చురుగ్గా నడుస్తాయి, అది నిజమే.

"ఇది ఎవరు ఏసిన్రక్కా?"

"మా మరిది. ఫోను ఊకె ఆగుతాందంటే హైదరాబాద్‌ల ఎవరితోనో ఏయించుకొచ్చిండు. అప్పటిసంది గుర్రమోలె ఉరుకుతాంది."

మళ్లీ కాల్ చేసి, ఈసారి ఫోన్ మోగుతుంటే తెర పైభాగాన్ని చూశాను. అప్పటిదాకా 4జీ అని ఉన్నది కాస్తా కాల్ రాగానే 2జీకి దిగిపోయింది. ఓహో, ఇదా సంగతి! 4జీ మీదనే మాటను మోసుకొచ్చే ఏర్పాటును వోల్టీ అంటారు. దాన్ని ఒక్కో మోడల్‌కు, ఒక్కో నెట్‌వర్క్‌కు తగ్గట్టు అమర్చాలి. ఆ రోమ్‌లో అది పనిచేయడం లేదు. అందుకని కాల్ వచ్చినప్పుడల్లా ఫోను పాత 2జీని పట్టుకుంటోంది. కోదాడలో 2జీ ఉంది కాబట్టి మోగుతోంది. ఆమె ఇంటి దగ్గర 4జీ ఒక్కటే అందుతుంటే వాట్సాప్ నడుస్తుంది, కాల్ మాత్రం రాదు.

ఊరికే అనుకుంటే సరిపోదు కదా. లోపల దాగి ఉండే టెస్టింగ్ మెనూ తెరిచి, 4జీ తప్ప ఇంకేదీ పట్టకుండా ఫోనును కట్టేశాను. నా ఫోన్ ఆమె చేతికిచ్చి, ఆమె నంబరుకే చేయమన్నాను. స్విచ్ఛాఫ్ అని వినపడింది. ఆమె ఫోను మాత్రం కళ్లముందే టేబుల్ మీద వెలుగుతూ ఉంది.

"దీని దుంపతెగ! గిదే తమ్ముడూ, గిదే!" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కంపెనీ సాఫ్ట్‌వేరే మళ్లీ ఎక్కించాలని చెప్పాను. ఫోను మునుపటిలాగే నిదానమవుతుందని కూడా ముందే చెప్పాను.

"అయితే కానీయ్. పిలిస్తే పలకాలె, అంతే," అంది.

వాట్సాప్ బ్యాకప్ తీసి, పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మళ్లీ 4జీకే కట్టేసి కాల్ చేశాను. మోగింది. కట్టు విప్పి ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. నా పని అయిపోయిందనుకున్నాను. సైదమ్మ స్టూలు మీద నుంచి లేవలేదు.

"ఫోను బాగైంది గని, నా మాట ఎవరు నమ్ముతరు? ఫోన్ల లోపమని నేనంటే అదింకో అబద్ధమంటరు. నువ్వు చెప్పు."

ముఠా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు తెరిచి, వాయిస్ మెసేజ్ నొక్కి నా నోటి ముందు పెట్టింది. ఇన్నేళ్లలో నన్నెవరూ అడగని పని. గొంతు సవరించుకుని మాట్లాడాను. "అక్కలూ, నేను కోదాడల ఫోన్లు బాగుచేసేటోణ్ణి. సైదమ్మక్క ఫోన్ ఆపలేదు. లోపల సాఫ్ట్‌వేర్ తేడా ఉండె. మీ ఊర్ల వాట్సాప్ వస్తది గని కాల్ రాదు. నా కళ్లతోని సూసిన. ఆమె తప్పేం లేదు."

సైదమ్మ మెసేజ్ పంపి తెరనే చూస్తోంది. అంతలో కాల్ వచ్చింది. స్పీకర్ నొక్కింది. ముఠాలో అందరికన్నా పెద్దావిడ గొంతట.

"ఏమే సైదీ, గాడ్నే కూసుంటవా? రేపు ఎవరి పొలంల దిగాలె మనం?"

సైదమ్మ స్టూలు మీద నుంచి లేస్తూ తల ఊపింది, అవతలామెకు కనపడుతున్నట్టు.

అప్పటి నుంచి ఏ ఫోను వచ్చినా ముందు ఊరి పేరు అడుగుతాను. నా షాపులో మోగితే చాలదు, వాళ్లింట్లో మోగాలి. బాగుచేసి ఇచ్చేటప్పుడు ఇంకో మాట కూడా అడుగుతాను: "తప్పు ఫోనుదేనని ఎవరికన్న నేను చెప్పాల్నా?" చాలామంది నవ్వి వెళ్లిపోతారు. ఎవరో ఒకరు మాత్రం లేచినవాళ్లల్లా మళ్లీ కూర్చుంటారు.