నీలం చుక్క మీద ఎర్ర చుక్క

ఎవరైనా ఛార్జర్ అడిగితే ఇప్పటికీ ముందు వాళ్ల మొహం చూస్తాను. అమెరికాలో స్పొకేన్ ఊరికి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి, నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, "అన్నా, ఛార్జర్ ఉందా?" అని అడిగింది. తీసి ఇచ్చాను.

ఆమె ఫోన్‌లో ఒక అడవి మ్యాప్, దాని మీద నీలం చుక్క. అది తన జింక అని చెప్పింది. ఆ అడవిలో జింకల మెడకు ట్రాకింగ్ కాలర్లు కట్టేది ఆమె టీమ్. మౌంటెన్ లయన్లకు, అంటే అక్కడి కొండ సింహాలకు, కట్టేది వేరే యూనివర్సిటీలో ఉన్న ఆమె ఫ్రెండ్. మ్యాప్ మాత్రం ఇద్దరిదీ ఒకటే.

"పొద్దుట్నుంచీ కదల్లేదు అన్నా. పడుకుందేమో."

"పడుకునే ఉంటుంది," అన్నాను, నాకేమీ తెలియకపోయినా.

సింహం కాలర్ అదెక్కడుందో పూటకోసారే ఎర్ర చుక్కగా చూపిస్తుందట. ఇద్దరం ఆ మ్యాప్ వైపే చూస్తూ కూర్చున్నాం. చివరికి ఎర్ర చుక్క వచ్చింది, సరిగ్గా నీలం చుక్క మీద. వెంటనే ఫ్రెండ్ నుంచి మెసేజ్: తన సింహానికి వేట దొరికింది.

ఆమె 'కంగ్రాట్స్' అని టైప్ చేసి, పక్కన నవ్వు బొమ్మ పెట్టింది.

"ఆ సింహానికి చిన్న పిల్లలున్నాయి. చాలా రోజులుగా తిండి లేదు. మంచిదే కదా అన్నా?"

మంచిదే అన్నాను.

ఫోన్‌కి సగం ఛార్జింగ్ కూడా ఎక్కలేదు. ఆమె ఛార్జర్ తీసేసి, వైరు నెమ్మదిగా చుట్టి, నా చేతిలో పెట్టింది.